మాథ్యూస్ వెళ్ళకూడదు

మొన్న మన ఉగాది సభలో భోజనాలయ్యాక పెద్దవాళ్ళమంతా ఒక పక్క చేరి రాజకీయాలు మాట్లాడుకుంటున్నాము. హాలులో మరొక మూల మన పిల్లలు గొంతులు చించుకుంటున్నారు. ఏమిటా అని వెళ్ళి చూస్తే ఫుట్ బాల్! వాళ్ళ క్లబ్బు ఎవరో ఆటగాణ్ణి అమ్మివేసిందట. అమ్మవలసింది కాదని ఒకడు, ఆ డబ్బుతో ఇద్దరిని కొనవచ్చునని మరొకడు, అసలు ఆ మేనేజరుకే జట్టును ఎంచడం చేతకాదని ఇంకొక అమ్మాయి. మనలో ఒక పెద్దాయన చిరాకుపడి, "మీ సొమ్మేదో పోయినట్టు ఏమిటర్రా ఈ గోల?" అని కసిరారు. పిల్లలు కాసేపు ఊరుకుని, ఆయన అటు వెళ్ళగానే మళ్ళీ అందుకున్నారు.

ఆ పెద్దాయన మాట నన్ను వెనక్కి తీసుకుపోయింది. ఎందుకంటే, ఆటగాణ్ణి అమ్మితే నిజంగా తమ సొమ్మే పోయినట్టు బాధపడిన ఊరు ఒకటి నాకు తెలుసు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో, 1970ల్లో, జూనియర్ డాక్టరుగా పనిచేసింది ఆ ఊళ్ళోనే. దాని పేరు స్టోక్-ఆన్-ట్రెంట్.

స్టోక్ అంటే ఒక ఊరు కాదు. టన్ స్టాల్, బర్స్లెం, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు ఊళ్ళు 1910లో ఒకటిగా కలిశాయి. రెండువందల ఏళ్ళకు పైగా అక్కడి ప్రజల బ్రతుకు పింగాణీ. మనం ఇళ్ళలో దాచుకునే మంచి టీ కప్పు, సాసరు బోర్లించి చూస్తే అడుగున ఆ ఊరి కంపెనీ పేరు కనబడే అవకాశం ఎక్కువ. నేను వెళ్ళేసరికి సీసా ఆకారంలో ఉండే పాత ఇటుక బట్టీలు చల్లారిపోయి, కొన్ని మాత్రం ఊరి మధ్య నిలబడి ఉన్నాయి. వాటిలో జీవితమంతా పనిచేసినవాళ్ళు పింగాణీ ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడి మా వార్డుకు వచ్చేవారు. ఆ ఊరివాళ్ళు ఎవరినైనా, డాక్టరునైనా సరే, "డక్" అని పిలుస్తారు. మన వైపు "అబ్బాయ్" అన్నట్టన్నమాట. మొదటి వారం నాకు కోపం వచ్చింది. తరవాత ఆ పిలుపు వినబడకపోతే ఏదో వెలితిగా ఉండేది.

మా వార్డులో పక్కపక్క మంచాల మీద ఇద్దరు ముసలివాళ్ళుండేవారు. ఒకాయన బట్టీలో పనిచేసినవాడు. రెండో ఆయన నలభై ఏళ్ళు కప్పులకు చెవులు అతికించినవాడు. ఇద్దరికీ రెండు వాక్యాలు మాట్లాడితే ఆయాసం. అయినా పొద్దున్న లేచింది మొదలు ఒకటే తగవు: "1947లో మాథ్యూస్ ను అమ్మి ఉండకపోతే మనం లీగు గెలిచేవాళ్ళమా, లేదా?" అప్పటికి ఆ అమ్మకం జరిగి ముప్ఫై ఏళ్ళు కావస్తోంది. ఆక్సిజన్ గొట్టం తీసి మరీ వాదించుకునేవారు. నర్సు వచ్చి కేకలు వేస్తే గాని ఆపేవారు కాదు. ఆ తగవు వినీ వినీ నేనూ కొంత చదివాను, కొంత అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పబోయేది ఆ కథే.

స్టాన్లీ మాథ్యూస్ 1915 ఫిబ్రవరి 1న హాన్లీలో పుట్టాడు. తండ్రి జాక్ మంగలి పని చేసేవాడు; బాక్సింగులో కూడా పేరున్నవాడు. కుర్రవాడు 15వ ఏట స్టోక్ సిటీ క్లబ్బు ఆఫీసులో చిన్న పనికి చేరాడు. 17వ పుట్టినరోజున ఆటగాడిగా సంతకం చేశాడు. 1934లో, ఇరవై నిండకముందే, ఇంగ్లండు జట్టులో ఆడాడు. కుడి అంచున బంతి పట్టుకుని, ఎదుటివాణ్ణి ఒక వైపుకు ఒరిగేలా చేసి రెండోవైపు నుంచి దాటిపోవడం ఆయన విద్య. ఆయన ఏం చేయబోతున్నాడో అందరికీ తెలుసు, ఆపడం మాత్రం ఎవరికీ తెలియదు అని మా బట్టీ తాత అనేవాడు. 1937 డిసెంబరులో చెకోస్లొవేకియా మీద ఇంగ్లండు 5-4తో గెలిచిన మ్యాచిలో ఆయన మూడు గోళ్ళు చేశాడు. ఆ పేరు ప్రతిష్ఠలతో క్రిస్మస్ గడిచిందో లేదో, 1938 ఫిబ్రవరిలో పిడుగులాంటి వార్త వచ్చింది. తనను వేరే క్లబ్బుకు వెళ్ళనిమ్మని మాథ్యూస్ స్టోక్ డైరెక్టర్లకు అర్జీ పెట్టుకున్నాడు.

ఇక్కడ ఆ కాలపు నియమాలు కొంచెం చెప్పాలి. ఇంగ్లండులో డబ్బు తీసుకుని ఆడడాన్ని 1885లో అనుమతించారు. 1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్ బాల్ లీగు మొదలయింది. స్టోక్ ఆ పన్నెండింటిలో ఒకటి. ధనమున్న క్లబ్బులు మంచి ఆటగాళ్ళనందరినీ లాగేసుకుంటాయన్న భయంతో 1893లో ఒక కట్టుబాటు పెట్టారు. ఆటగాడి ఒప్పందం ఒక్క ఏడాదికే. కాని ఏడాది పూర్తయినా అతని పేరు క్లబ్బు పుస్తకంలోనే ఉంటుంది. క్లబ్బు అట్టిపెట్టుకుంటానంటే అతను లీగులో మరెక్కడా ఆడకూడదు. వదలాలంటే క్లబ్బు తాను అడిగిన ధర పుచ్చుకుని వదులుతుంది. ఆ ధర ఆటగాడికి కాదు, క్లబ్బుకు. దీనికి తోడు 1901 నుంచి జీతానికి ఒక గరిష్ఠ హద్దు. మొదట వారానికి 4 పౌన్లు. 1938 నాటికి ఆట నడిచే నెలల్లో 8 పౌన్లు, వేసవిలో 6. మాథ్యూసైనా సరే, అంతకు మించి జీతం ఇవ్వకూడదు.

ధరలకు మాత్రం హద్దు లేదు. 1905లో సండర్లండ్ నుంచి ఆల్ఫ్ కామన్ అనే ఆటగాణ్ణి మిడిల్స్ బరో 1,000 పౌన్లకు కొన్నది. అంతకుముందు ఎవరూ అంత పెట్టలేదు. మనిషిని పశువులా కొంటారా అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కాని కింది డివిజనుకు పడిపోబోతున్న మిడిల్స్ బరో ఆ ఏడాది పడిపోలేదు. 1928లో బోల్టన్ నుంచి డేవిడ్ జాక్ ను ఆర్సెనల్ 10,890 పౌన్లకు కొన్నది. అలా కొనుగోళ్ళూ అమ్మకాలూ పెరిగినకొద్దీ వాటి మీద బజారులో తర్కాలూ పెరిగాయి. జట్టు కంపెనీది, కంపెనీ వాటాదార్లది, నిర్ణయం డైరెక్టర్లది. గేటు దగ్గర షిల్లింగు ఇచ్చి లోపలికి వెళ్ళే కూలివాడికి తన నోరు తప్ప ఇంకేమీ లేదు. దాన్నే వాడుకున్నాడు.

ఇక మాథ్యూస్ గొడవకు వద్దాం. ఐదేళ్ళు ఒకే క్లబ్బులో ఉన్న ఆటగాడికి 650 పౌన్ల వరకు బహుమానం ఇవ్వవచ్చునని నియమం. మాథ్యూస్ పూర్తి మొత్తం అడిగాడు. క్లబ్బు 500 ఇస్తానన్నది. డబ్బు కన్నా అవమానం ఎక్కువగా తగిలింది. అప్పటి మేనేజరు బాబ్ మెక్ గ్రోరీ అదే క్లబ్బులో ఏళ్ళ తరబడి బ్యాకుగా ఆడినవాడు, నిక్కచ్చి మనిషి. జట్టులో ఒకడు మిగతావారి కన్నా గొప్ప అన్న మాట ఆయనకు గిట్టదు. ఆయనకూ మాథ్యూస్ కూ మొదటినుంచీ పొసగలేదు.

అర్జీ సంగతి పొక్కగానే ఊరు ఊరంతా అట్టుడికిపోయింది. "మాథ్యూస్ వెళ్ళకూడదు" అని ఊరినిండా కాగితాలు వెలిశాయి. పింగాణీ కంపెనీల యజమానులు కొందరు కలిసి స్టోక్ లోని కింగ్స్ హాలులో బహిరంగ సభ ఏర్పాటు చేశారు. వాళ్ళు చెప్పిన కారణం ఇది: కార్మికులు ఈ దిగులుతో సరిగా పనిచేయడం లేదు! సుమారు 3,000 మంది హాలు నిండిపోయారు. ఇంకో వెయ్యిమంది చోటు లేక బయట నిలబడ్డారు. మా బట్టీ తాత ఆ బయట నిలబడినవాళ్ళలో ఒకడు. లోపల చప్పట్లు వినబడితే ఎందుకో తెలియకపోయినా బయట మేమూ కొట్టాము డక్, అని నవ్వేవాడు.

చివరికి మాథ్యూస్ అర్జీ పక్కన పెట్టి ఉండిపోయాడు. ఊరు పండగ చేసుకుంది. అభిమానుల చరిత్రలో ఇది పెద్ద విజయమని చెప్పుకుంటారు. నాకు మాత్రం దీన్ని తలచుకున్నప్పుడల్లా ఒక సందేహం. ఆ సభ ఒత్తిడి ఎవరి మీద పడింది? జీతం హద్దు పెట్టిన లీగు మీద కాదు. 150 పౌన్ల దగ్గర బేరమాడిన డైరెక్టర్ల మీద కన్నా కూడా, ఆ 23 ఏళ్ళ కుర్రవాడి మీదనే ఎక్కువ పడిందని నాకనిపిస్తుంది. సభ పెట్టిన యజమానుల దగ్గర పనిచేసే కూలీ కావాలంటే నోటీసు ఇచ్చి పక్క ఫ్యాక్టరీలో చేరవచ్చు. మాథ్యూస్ కు ఆ హక్కు లేదు. ఆ సంగతి నాలుగువేల మందిలో ఎంతమందికి తట్టిందో.

తరవాత యుద్ధం వచ్చింది. మాథ్యూస్ వైమానిక దళంలో చేరి బ్లాక్ పూల్ దగ్గర ఉన్నాడు. యుద్ధం ముగిశాక ఆ సముద్రతీరపు ఊళ్ళోనే భార్యాభర్తలు ఒక చిన్న హోటలు పెట్టుకున్నారు. ఈలోగా స్టోక్ ఇంకొక పెద్ద ఆటగాణ్ణి వదులుకుంది. ఆయన పేరు ఫ్రాంక్ సూ. తండ్రి చైనావాడు, తల్లి ఇంగ్లీషువనిత. 1933లో స్టోక్ లో చేరి, జట్టు నాయకుడై, యుద్ధకాలంలో ఇంగ్లండు తరపున తొమ్మిది మ్యాచిలు ఆడాడు. యుద్ధకాలపు మ్యాచిలను లెక్కలోకి తీసుకోలేదు కనుక రికార్డు పుస్తకాల్లో ఆయన పేరు ఉండదు. 1945లో ఆయన్ని లెస్టర్ కు ఇచ్చేశారు. ఈ దేశంలో మనలాంటి బయటివాళ్ళ పిల్లలకు చెప్పవలసిన పేరు అది.

1946-47లో లీగు ఏడేళ్ళ తరవాత తిరిగి మొదలయింది. స్టోక్ జట్టు బలంగా ఉంది. వెనక నీల్ ఫ్రాంక్లిన్, ముందు ఫ్రెడ్డీ స్టీల్. చాలామంది ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళే. వారిని కొనడానికి క్లబ్బుకు పెద్దగా ఖర్చు కాలేదు. అక్టోబరులో మాథ్యూస్ దెబ్బ తగిలి కోలుకుంటున్నాడు. ఆయన స్థానంలో జార్జి మౌంట్ ఫర్డ్ ఆడి జట్టు గెలుస్తోంది. మాథ్యూస్ తిరిగి రాగానే, ముందు రిజర్వు జట్టులో ఒక మ్యాచి ఆడి చూపించమన్నాడు మెక్ గ్రోరీ. మాథ్యూస్ ఆడనన్నాడు. అంతే, మళ్ళీ ఊరు రెండు పక్షాలయింది. ప్రపంచంలోకెల్లా గొప్ప వింగర్ ను రిజర్వులో ఆడమంటారా అని ఒకరు. గెలిచే జట్టును ఎవరి కోసం మారుస్తారు, నియమం అందరికీ ఒకటే కదా అని ఒకరు. పైకి రాజీ అయినట్టు ప్రకటించారు గాని, అతుకు నిలవలేదు.

1947 మే 10న గ్లాస్గోలో బ్రిటన్ జట్టు యూరప్ జట్టును 6-1తో ఓడించింది. మాథ్యూస్ ఆ మ్యాచిలో ఆడాడు. ఆ సమయంలోనే అమ్మకం కుదిరిపోయింది. ధర 11,500 పౌన్లు; కొన్నది బ్లాక్ పూల్. అప్పటికి ఆయన వయసు 32. ఇంకో రెండేళ్ళు ఆడగలవా అని బ్లాక్ పూల్ మేనేజరు జో స్మిత్ అడిగాడట.

అసలు కష్టం ఇక్కడే. ఆ శీతాకాలం ఈ దేశంలో మంచు విపరీతంగా పడి మ్యాచిలు ఆగిపోవడం వల్ల సీజను జూను దాకా సాగింది. అమ్మకం జరిగేనాటికి స్టోక్ కు ఇంకా మ్యాచిలు మిగిలి ఉన్నాయి. మే 31న లివర్ పూల్ తన ఆఖరి మ్యాచి గెలిచి 57 పాయింట్లతో కూర్చుంది. స్టోక్ కు 55. జూన్ 14న షెఫీల్డులో ఒక్క మ్యాచి మిగిలింది. గెలుపుకు ఆ రోజుల్లో రెండు పాయింట్లు. గెలిస్తే ఇద్దరికీ 57. గోళ్ళ సగటులో స్టోక్ దే పైచేయి. అంటే క్లబ్బు పుట్టినప్పటినుంచీ ఎన్నడూ గెలవని లీగు, ఒక్క గెలుపు దూరంలో ఉంది.

స్టోక్ 2-1తో ఓడిపోయింది. నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. లివర్ పూల్ విజేత. ఇంకొక విశేషం: లివర్ పూల్ ఆ సీజను మొదట్లోనే న్యూకాసిల్ నుంచి ఆల్బర్ట్ స్టబ్బిన్స్ ను సుమారు 12,500 పౌన్లకు కొన్నది. ఆయన ఆ ఏడాది లీగులో 24 గోళ్ళు చేశాడు. దాదాపు అంతే డబ్బు ఒక ఊరు ఖర్చు పెట్టింది, ఇంకొక ఊరు పెట్టెలో వేసుకుంది. ఖర్చు పెట్టిన ఊరికి లీగు దక్కింది. మా బట్టీ తాతకు ఇదే బ్రహ్మాస్త్రం. ఈ లెక్క చెప్పినప్పుడల్లా ఆయనకు దగ్గు వచ్చేది.

కాని కప్పుల తాత లెక్క వేరు. మాథ్యూస్ ఆ సీజనులో ఆడింది సుమారు సగం మ్యాచిలే. మిగతా సగంలోనూ జట్టు గెలిచింది. షెఫీల్డు వెళ్ళిన పదకొండుమందీ చేతకానివాళ్ళు కాదు. తడిసిన మైదానంలో ఒక్క కాలు జారితే మాథ్యూస్ ఏం చేస్తాడు? పైగా మనసు లేనివాణ్ణి ఉంచి ఏం లాభం? "నువ్వు ఒక్క మనిషి మీద కోట కడుతున్నావు" అనేవాడు. దానికి బట్టీ తాత, "ఒక్క గోలే కదా డక్ మనకు తక్కువయింది? ఆ ఒక్క మనిషీ ఉంటే..." అని ఆపేసేవాడు. రెండు గోళ్ళు కావాలని, ఒకటి చేస్తే మ్యాచి సమానమవుతుందే గాని గెలుపు కాదని అవతలివాడు దిద్దేవాడు. అక్కడినుంచి మళ్ళీ మొదలు.

తరవాత జరిగింది బట్టీ తాత పక్షానే ఉన్నట్టు కనబడుతుంది. రెండేళ్ళు ఆడతాడో లేదో అనుకున్న మాథ్యూస్ బ్లాక్ పూల్ లో పద్నాలుగేళ్ళు ఆడాడు. 1953 మేలో వెంబ్లీలో బోల్టన్ మీద 1-3తో వెనకబడిన బ్లాక్ పూల్ 4-3తో కప్పు గెలిచింది. మూడు గోళ్ళు చేసినవాడు మార్టెన్ సెన్. అయినా జనం దాన్ని మాథ్యూస్ ఫైనల్ అనే పిలుస్తారు. సరిగ్గా ఆ సీజనులోనే స్టోక్ కింది డివిజనుకు దిగిపోయింది. 1956లో యూరప్ ఉత్తమ ఆటగాడి బహుమతిని మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు అందుకున్నది 41 ఏళ్ళ మాథ్యూసే.

అయితే ఇంకొక సంగతి ఉంది. 1950లో నీల్ ఫ్రాంక్లిన్, అదే జార్జి మౌంట్ ఫర్డ్ స్టోక్ వదిలి దక్షిణ అమెరికాలోని బొగోటాకు వెళ్ళిపోయారు. కొలంబియా లీగు అప్పుడు అంతర్జాతీయ సమాఖ్యకు వెలుపల ఉండడం వల్ల అక్కడి క్లబ్బులు ఇక్కడివారికి ధర చెల్లించనక్కరలేదు. ఆటగాడికి మాత్రం ఇక్కడి జీతానికి ఎన్నో రెట్లు ఇస్తామన్నాయి. ఫ్రాంక్లిన్ ఇంగ్లండు సెంటర్ హాఫ్. ఆ వేసవి ప్రపంచ కప్పు పోటీలు కూడా వదులుకుని వెళ్ళాడు. అక్కడ కుదరక కొన్ని వారాల్లోనే తిరిగి వచ్చాడు. ఇక్కడ సస్పెండు చేశారు. 1951లో స్టోక్ ఆయన్ని హల్ కు 22,500 పౌన్లకు అమ్మింది. మళ్ళీ ఇంగ్లండుకు ఆడలేదు. ఆయన కూడబెట్టుకున్నదేమీ లేకపోయినా క్లబ్బుకు మాత్రం ఇరవై రెండున్నర వేలు వచ్చాయి.

ఈ ఫ్రాంక్లిన్ సంగతి మాటల్లో వచ్చిన ఒక సాయంత్రం కప్పుల తాత ఎప్పుడూ అనని మాట ఒకటి అన్నాడు. "నేను నలభై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేశాను. ఎందుకంటే నాకు ఇష్టమై. పక్క ఫ్యాక్టరీవాడు రెండు షిల్లింగులు ఎక్కువిస్తానంటే పోదామనుకుంటే పోయేవాణ్ణి. స్టాన్లీని మనం ప్రేమించాం గాని, ఆ మాట అడగలేదు." బట్టీ తాత దానికి జవాబు చెప్పలేదు. ఆ రాత్రి వార్డు నిశ్శబ్దంగా ఉంది.

నాకు మన పల్లెలు గుర్తొచ్చాయి. ఏడాది జీతానికి కుదిరిన పాలేరు, అప్పు పడకపోతే, ఏడాది తిరిగాక మరో ఆసామి దగ్గర చేరవచ్చు. ఇక్కడ లక్షల జనం చప్పట్లు కొట్టే ఆటగాడికి అది లేదు. అప్పు పడిన పాలేరుకూ అతనికీ తేడా చప్పట్లే.

ఆ కట్టు తెగడానికి 1960ల దాకా పట్టింది. అప్పటికి జీతం హద్దు 20 పౌన్లు. 1961 జనవరిలో ఆటగాళ్ళ సంఘం సమ్మె నోటీసు ఇస్తే, హద్దు ఎత్తివేశారు. అట్టిపెట్టుకునే నియమం మాత్రం అలాగే ఉంది. న్యూకాసిల్ ఆటగాడు జార్జి ఈస్టం దాన్ని కోర్టుకు ఈడ్చాడు. 1960లో ఆయన వెళ్ళిపోతానంటే క్లబ్బు వదలలేదు. ఆయన ఆట మానేసి కొన్నాళ్ళు ఒక వ్యాపారి దగ్గర ఉద్యోగం చేశాడు. చివరికి క్లబ్బు దిగివచ్చి 47,500 పౌన్లకు ఆర్సెనల్ కు ఇచ్చింది. తన పని అయిపోయింది కదా అని ఈస్టం కేసు వదులుకోలేదు. సంఘం అండతో పోరాడాడు. 1963లో న్యాయమూర్తి విల్బర్ ఫోర్స్, ఆటగాణ్ణి ఇలా పట్టి ఉంచడం అతని వృత్తికి అన్యాయమైన ఆటంకమని తీర్పు చెప్పారు. 1995లో యూరప్ న్యాయస్థానం బోస్మన్ కేసులో ఇంకొక అడుగు వేసి, ఒప్పందం ముగిసిన ఆటగాడు మరో ఐరోపా దేశపు క్లబ్బుకు ధర లేకుండానే వెళ్ళవచ్చునన్నది. ఈనాటి ధరలు, జీతాలు, పిల్లల తగవులు అన్నీ ఆ దారిన వచ్చినవే. 2021లో ఆస్టన్ విల్లా నుంచి మాంచెస్టర్ సిటీకి జాక్ గ్రీలిష్ వెళ్ళిన ధర పదికోట్ల పౌన్లు.

మాథ్యూస్ కథ మాత్రం ఇంకా ముగియలేదు. 1961 అక్టోబరులో స్టోక్ రెండో డివిజనులో కొట్టుమిట్టాడుతోంది. సొంత మైదానంలో మ్యాచికి వచ్చినవాళ్ళు 8,409 మంది. కొత్త మేనేజరు టోనీ వాడింగ్టన్ 46 ఏళ్ళ మాథ్యూస్ ను 3,500 పౌన్లకు తిరిగి కొనుక్కొచ్చాడు. ముసలివాడికి డబ్బు తగలేశాడని కొందరు నవ్వారు. తరవాతి మ్యాచికి వచ్చినవాళ్ళు 35,974 మంది. పెట్టిన డబ్బు ఆ ఒక్క సాయంత్రమే తిరిగి వచ్చినంత పని. 1963లో స్టోక్ మళ్ళీ మొదటి డివిజనుకు ఎక్కింది. పై డివిజనును ఖాయం చేసిన మ్యాచిలో ఒక గోలు మాథ్యూస్ దే. 1965 ఫిబ్రవరిలో, 50 ఏళ్ళు నిండిన ఐదో రోజున, ఆఖరి లీగు మ్యాచి ఆడాడు.

ఇక జార్జి ఈస్టం? 1966లో ఆయన్ని ఆర్సెనల్ నుంచి కొన్నది ఎవరో కాదు, స్టోక్. 1972 మార్చి 4న వెంబ్లీలో లీగు కప్పు ఫైనల్లో స్టోక్ చెల్సీని 2-1తో ఓడించింది. గెలుపు గోలు చేసింది 35 ఏళ్ళ ఈస్టం. స్టోక్ గెలిచిన పెద్ద కప్పు అదొక్కటే. ఆటగాడు తన ఇష్టప్రకారం వెళ్ళవచ్చునని కోర్టులో నిలబెట్టిన మనిషే, వెళ్ళవద్దని సభ పెట్టిన ఊరికి కప్పు తెచ్చిపెట్టాడు. ఈ సంగతి మా బట్టీ తాతకు చెబితే, "అయినా 1947లో అమ్మకూడదు" అన్నాడు.

హైదరాబాదు వారికి ఈ బాధ కొత్త కాదు. రహీం సాహెబు శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్సు కప్పు గెలిచింది. సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఆడి, మరుసటి ఏడాదే కలకత్తా ఈస్ట్ బెంగాల్ కు వెళ్ళిపోయాడు. మనవాడు మనకు దక్కలేదే అని బాధపడినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ బాధా నిజమే. కలకత్తాలో ఆయనకు దొరికిన మైదానం, జనం, ఆటా నిజమే.

ఆ మాటకొస్తే మనం మాత్రం ఎవరం? నేను బయలుదేరిన రోజున స్టేషనుకు వచ్చినవాళ్ళలో నా చదువుకు ఫీజు కట్టిన మా పెదనాన్న ఉన్నారు. మా ఊళ్ళో డాక్టరు లేడు. ఆయన ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఇప్పటికీ గుర్తు. స్టోక్ వార్డులో ఆ ఇద్దరు ముసలివాళ్ళ తగవు వింటూ ఉంటే, ఒకరి నోట మా పెదనాన్న అనని మాట, మరొకరి నోట నేను ఆయనకు చెప్పుకోలేకపోయిన జవాబు వినబడేవి. మాథ్యూస్ కు తిరిగి రావడానికి 46వ ఏట అవకాశం వచ్చింది. నాకు రాలేదు; వచ్చినా వెళ్ళేవాణ్ణో లేదో ఇప్పుడు చెప్పలేను.

మాథ్యూస్ 2000 ఫిబ్రవరిలో పోయాడు. ఆయన చితాభస్మాన్ని స్టోక్ కొత్త మైదానం నడిమి వలయం కింద ఉంచారు. ఇక ఆయన్ని ఎవరూ అమ్మలేరు. కాని ఆ మైదానంలో ప్రతి శనివారమూ ఎవరిని అమ్మాలి, ఎవరిని కొనాలి, ఎవరిని ఆడించాలి అన్న తగవు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

కనుక వచ్చే సభలో పిల్లలు మళ్ళీ ఆ మూల చేరి వాదించుకుంటే కసరవద్దని మన పెద్దలకు మనవి. వెళ్ళి పక్కన కూర్చోండి. క్లబ్బుకు ఏది లాభమో వాళ్ళు చెప్పాక, ఆ ఆటగాడికి ఏది ఇష్టమో కూడా ఒక్కమాట అడగండి. వేరే ఊళ్ళలో ఉన్న సభ్యులు తమ ఊరి క్లబ్బు గురించి ఇలాంటి కథలేవైనా వింటే రాసి పంపండి. మన పత్రికలో తప్పక వేద్దాం.